మనిషి పైకొచ్చాడు

"చేతులు చూపించు."

ఊచల అవతల కూర్చున్నవాడు చూపించలేదు. పిడికిళ్ళు బిగించి తొడల కింద దాచుకున్నాడు, బడిలో గోళ్ళు చూపించమంటే పిల్లలు దాచుకున్నట్టు. వయసు చూస్తే పాతికేళ్ళు దాటింది. మొహం చూస్తే రెండ్రోజుల్లో ఇంకో పాతిక కలిసినట్టుంది.

డిటెక్టివ్ స్టూలు ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ దాన్ని వాడేవాళ్ళు పోయి చాలాకాలమైంది. అందరూ పిలిచేది నిదానం అనే. మాట నిదానం, నడక నిదానం, కోపం రావడం నిదానం, వచ్చాక పోవడం మరీ నిదానం.

"చూపించరా. నేనేం జాతకం చెప్పను."

ఆ మనిషి అరచేతులు ఊచల మధ్య పెట్టాడు. నిదానం కళ్ళజోడు సవరించుకుని, చద్దికుండలో చీమల్ని వెతికినట్టు వెతికాడు. కాయలు కాసిన చేతులు. కాయల మీద పాత గీతలు. కొత్త గీత ఒక్కటి లేదు.

కేసు చూడబోతే మూడు ముక్కలు. రేవు బయట, పొద్దెక్కినా పొగమంచు వదలని చోట, మునిగిపోయిన ఓడ ఒకటుంది. దాని ఇనుము కోసి తెచ్చే పడవలు కొన్ని. పడవకొక మునిగేవాడు, ఒక తాడు పట్టేవాడు. మునిగేవాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస పట్టేవాడి చేతిలో ఉంటుంది. ఆ తాడుని బావమరిదికే ఇవ్వడం ఈ పనివాళ్ళ పద్ధతి. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడని సామెత ఊరికే పుట్టలేదు. తోడబుట్టినదాని కాపురం అరచేతిలో ఉన్నవాడు కునుకు తియ్యడని నమ్మకం.

లోతుకి దిగినవాడు పైకి మెట్టు మెట్టుగా రావాలి. అక్కడక్కడా తాడు పట్టుకుని వేలాడి, ఒంట్లో ఇంకిన గాలిని మెల్లగా వదిలించుకుంటూ రావాలి. ఒక్కసారిగా వస్తే సోడాబుడ్డి గోలీ నొక్కినట్టు నెత్తురు పొంగుతుంది. మొన్న పొద్దున ఈ కుర్రాడి బావ అలాగే వచ్చాడు. పడవ పక్కన తేలి, నురగ కక్కి, పడవలోకి చేర్చేలోపే పోయాడు. అదే సమయానికి ఈ కుర్రాడు రెండు చేతులా తాడు గబగబా లాగుతుండటం పక్క పడవవాళ్ళు చూశారు. ముందురోజు సాయంత్రం మోటారు సైకిలు దగ్గర బావా బావమరుదులు కేకలేసుకోవడం వీధి వీధంతా చూసింది. ఇక ఇన్‌స్పెక్టరు బుర్ర గోక్కోవలసిన పనేముంది? పైగా పిల్లవాడు తనే ఒప్పుకున్నాడు: కోపంలో లాగేశానని. మధ్యాహ్నం మెజిస్ట్రేటు ముందు అదే ముక్క చెబితే, మళ్ళీ బయటికొచ్చేసరికి జుట్టు తెల్లబడుతుంది.

"నిండు మనిషి. నడుముకి సీసం బెల్టు. అంత బరువుని తడితాడుతో అంత వేగంగా లాగితే అరచెయ్యి ఒలిచిన పండులా ఉండాలి," అన్నాడు నిదానం.

"కాయలు కాసిన చేతులండీ. తెగవు."

"కాయలే ముందు తెగుతాయిరా. నువ్వు బరువు లాగలేదు. వదులైపోయిన తాడుని చుట్టుకున్నావు. మీ బావ తనంతట తనే వచ్చేశాడు. అవునా?"

"నేనే చంపాను. రాసుకోండి."

"చంపావో లేదో తర్వాత చూద్దాం. లాగావా?"

చేతులు మళ్ళీ తొడల కిందికి వెళ్ళిపోయాయి.

"మా అక్క బయట ఉందా?" అన్నాడు కాసేపటికి.

"పొద్దుట్నుంచీ ఉంది."

"ఇంటికి పొమ్మనండి. ఆవిడ మొహం నేను చూడలేను."

నిదానం లేచాడు. చెయ్యని పనిని చేశానని ఒప్పుకునేవాడు ఇంకేదో చేసి ఉంటాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నేర్చుకున్న చదువంతా అంతే.

ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గర పళ్ళు కుట్టుకుంటున్నాడు. "ఏంటి నిదానంగారూ, చెయ్యి చూసి చెప్పారా? పెళ్ళియోగం ఉందా మావాడికి?"

"వాడికి లేదు. మీకు మాత్రం ట్రాన్స్‌ఫర్ యోగం కనపడింది."

వరండా బెంచీ మీద అక్క. ఒళ్ళో టిఫిను క్యారియరు. అది తమ్ముడికి తెచ్చింది. తెచ్చిన చేతుల్తోనే మొన్న మొగుడి కళ్ళు మూసింది. డిటెక్టివుని పిలిపించిందీ ఆవిడే. "మా ఆయన్ని ఎలాగూ తెచ్చివ్వలేరు. మా వాడు తాడు లాగాడా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి," అంది మొదటిరోజే. లాగాడని తేలితే ఏం చేస్తావమ్మా అంటే, "అప్పుడు నాకు తమ్ముడు కూడా లేడనుకుంటాను," అంది.

ఇప్పుడు అడగలేదు. కళ్ళతోనే అడిగింది.

"ఇంకా కాలేదమ్మా. ఒక పని మిగిలింది. ఇంటికెళ్ళి కాస్త ఎంగిలిపడు."

"ఇక్కడే ఉంటాను బాబుగారూ. ఇంట్లో మంచం పెద్దదైపోయింది."

*

బావ పదిహేనేళ్ళు మునిగినవాడు. మెట్లు తప్పి వస్తే చస్తానని తెలిసినవాడు. అలాంటివాడు తనంతట తను వచ్చేశాడంటే వెనక ఏదో తరిమి ఉండాలి. నీళ్ళ అడుగున మనిషిని తరిమేది ఏముంటుంది? బావ పోయిన రోజు సాయంత్రమే ఇసుక మీదికి కొట్టుకొచ్చిన వాటిని అడుగుదామని నిదానం రేవు వెనక ఒడ్డుకి నడిచాడు.

పొగమంచులో అవి ముందు కనపడలేదు. ముందు నిశ్శబ్దం కనపడింది, అలల చప్పుడుకి చిల్లు పడ్డట్టు. తర్వాత నల్లటి వీపులు. నాలుగు తిమింగలాలు, పక్షికి ముక్కున్నట్టు మూతులు, ఆ మూతుల్లో ఏదో గుర్తొచ్చి నవ్వుకుంటున్నట్టు ఒంపు. పక్క మీదికి ఒత్తిగిలి పడుకున్నాయి. లేపితే లేచి, పొద్దుపోయిందని చెప్పి వెళ్ళిపోతాయేమో అనిపించింది ఆయనకి. తనే నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు, పైనెక్కడో వెలుగు ఉన్నట్టు, కాళ్ళు బరువుగా పడ్డాయి.

పశువుల డాక్టరమ్మ తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని ఒక తల పక్కన మోకాళ్ళ మీద ఉంది.

"ముట్టుకోకండి. ముట్టుకుంటే ఆ వాసనకి వారం రోజులు ఇంట్లోకి రానివ్వరు."

"నన్ను రానివ్వకపోడానికి ఇంట్లో ఎవరూ లేరులెండి. ఏమైంది వీటికి?"

"గాయం లేదు. జబ్బు లేదు. వల గుర్తు లేదు." ఆవిడ కత్తి కొసతో చూపించింది. "చెవుల చుట్టూ నెత్తురు. నరాల్లో గాలిబుడగలు."

"చచ్చి కుళ్ళినా బుడగలొస్తాయిగా?"

ఆవిడ తలెత్తి చూసింది, ఈయన కాస్త పనికొచ్చేటట్టున్నాడే అన్నట్టు. "వస్తాయి. అందుకే ఇది ప్రాణంతో ఒడ్డుకొచ్చినప్పుడు పక్కనే కూర్చున్నాను. పోగానే కోశాను. కుళ్ళడానికి టైమే లేదు. ఇవి లోతు మనుషులండీ. గంటకి పైగా ఊపిరి బిగబట్టి చీకట్లో వేటాడతాయి. అక్కడ కళ్ళు పనిచెయ్యవు. తమ గొంతు తామే వింటూ దారి చూసుకుంటాయి. అలాంటి చోట ఎవరో నెత్తిన శంఖం ఊదినట్టు అరిస్తే?"

"ఎవరరుస్తారు?"

"సోనార్ అని ఉంది. యుద్ధనౌక నీళ్ళలోకి కేకేసి, ఆ కేక దేనికి తగిలి తిరిగొచ్చిందో విని, జలాంతర్గామి ఎక్కడుందో పోల్చుకుంటుంది. ఆ కేక కోసుల దూరం పోతుంది. వీటికది చావుకేక. బెదిరి, పద్ధతి తప్పి, పైకి దూసుకొస్తాయి."

"మెట్లు తప్పి."

"ఏంటి?"

"ఏంలేదు. మునిగేవాళ్ళ మాట." నిదానం గొంతు తగ్గింది. "మనిషికి కూడా వినపడుతుందా అది?"

"చెవికి కాదు, ఎముకలకి. గుండెకాయ పట్టుకుని ఊపినట్టు ఉంటుందట. ఎటు పైనో ఎటు కిందో తెలియదట."

పొగమంచు వెనక యంత్రం దగ్గింది. పళ్ళ తొట్టి ఎత్తుకుని పొక్లెయిను వచ్చింది, దాని ముందు తెల్లటి యూనిఫారంలో నౌకాదళం కమాండరు. ఇసుకలో నడిచినా బూటుకి ఇసుక అంటని జాతి మనిషి.

"డాక్టరుగారూ, మీ పని అయిపోయింది. ఆరోగ్యశాఖ ఆర్డరు. వాసన. పాతిపెట్టెయ్యాలి."

"తలలు పరీక్షకి పంపాలండీ."

"తలలకి వేరే శ్మశానం లేదు," అని నవ్వి, నిదానం వైపు తిరిగాడు. "మీరా! తాడు కేసు కదా మీది? చేపల దగ్గరికొచ్చారేం?"

"చేపలు కావుటండీ ఇవి. పిల్లలకి పాలిస్తాయట."

"ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు. కేసు ముగిసింది. ముగిసిన కేసుని తిమింగలం కడుపులో వెతక్కండి."

"కడుపులో కాదండీ, చెవిలో. మొన్న పొద్దున మీ ఓడ కేకేసిందా?"

"దేశరక్షణ విషయాలు ఇసుకలో నిలబడి మాట్లాడను."

"కుర్చీ తెప్పిస్తే మాట్లాడతారా?"

కమాండరు చెంప మీద నరం ఒకటి కదిలింది. "వినండి. మాకొక నియమం ఉంది. నీళ్ళలో మనిషి ఉండగా మా ఓడ నోరు విప్పదు. ప్రతి పడవా రేడియోలో 'మనిషి పైకొచ్చాడు' అని చెప్పేదాకా ఆగుతాం. ఎంతసేపైనా సరే. ఆ నియమం రాసిన కమిటీలో నేనున్నాను. మీవాడు అప్పటికే పైకొచ్చేశాడు."

"ఎప్పటికి?"

అల ఒకటి వచ్చి తిమింగలం తోక తడిపి వెనక్కి పోయింది. కమాండరు నోరు మూసుకోవడం ఒక క్షణం ఆలస్యమైందని ఇద్దరికీ తెలిసింది.

"తవ్వు!" అని డ్రైవరు మీద అరిచాడు.

నిదానం వెళ్ళి పొక్లెయిను పళ్ళ ముందు చతికిలబడ్డాడు. కుడి బూటు విప్పాడు. ఇసుక దులిపాడు. లోపలికి తొంగిచూసి, ఇంకా ఉందని తల ఊపి, మళ్ళీ దులిపాడు. లేసులు ఒక్కో కన్నంలోంచి తీసి, చిక్కు విప్పి, ఎక్కించడం మొదలెట్టాడు.

"లేవండి!"

"లేస్తానండీ. వయసు. ఎడమది కూడా ఉంది."

డ్రైవరు ఇంజను మీద చేతులు కట్టుకుని ఆకాశం చూశాడు. ఎడమ బూటు ముడి పడేసరికి డాక్టరమ్మ అటు పక్కనుంచి చెవి ముక్కలు పెట్టి మూతబిగించిన డబ్బా ఒకటి చంకన పెట్టుకుని రోడ్డు మీదికి చేరిపోయింది.

"మీరు గెలిచాననుకుంటున్నారు," అన్నాడు కమాండరు నెమ్మదిగా. "మా ఓడ తప్పు చెయ్యలేదు. మనిషి పైకొచ్చాడనే చెప్పారు. నేను చెవులారా విన్నాను."

నిదానానికి గెలిచినట్టేమీ లేదు. అబద్ధం చెప్పేవాడి గొంతు ఆయనకి తెలుసు. ఇది ఆ గొంతు కాదు.

*

పక్క పడవవాళ్ళు అన్నం మూటలు సర్దుకుని బయల్దేరుతుంటే నిదానం ఎక్కి కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పింది వీళ్ళే. ఎక్కడ నిలబడి చూశారో చూపించమన్నాడు. పొగమంచు పడవని మింగింది. రేవు పోయింది, ఒడ్డు పోయింది, మిగిలిన పడవలు గొంతులుగా మాత్రమే మిగిలాయి. తెడ్డు తగిలిన చోటల్లా నీళ్ళు నిద్రలో మూలిగినట్టు మూలిగాయి.

మునిగేవాడు దిగాడు. తాడు పట్టేవాడు, నల్లటి బక్కమనిషి, కాళ్ళు బార్లా చాపి, తాడు వేళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూశాడు.

"నిద్రా?" అన్నాడు నిదానం.

"వింటున్నానండీ. వేళ్ళతో. కిందున్నది మా అక్క మొగుడు. పైకొస్తే తిడతాడు గానీ మంచోడే."

చాలాసేపటికి తాడు రెండుసార్లు అదిరింది. పని అయిందని, పైకి బయల్దేరానని దానికి అర్థం. బక్కమనిషి రెండో చేత్తో రేడియో అందుకుని, ఆవులించి, "మూడో పడవ. మనిషి పైకొచ్చాడు," అన్నాడు.

నిదానం పడవ పక్కకి వంగి చూశాడు. నీళ్ళ మీద బుడగలు, గుప్పెడు గుప్పెడుగా, తీరిగ్గా పగులుతున్నాయి. తాడు నిటారుగా కిందికే ఉంది.

"ఏడీ?"

"ఎవరు?"

"పైకొచ్చిన మనిషి."

బక్కమనిషి నవ్వాడు. "వస్తాడండీ. మెట్టు మెట్టుకీ వేలాడాలిగా, ఇంకో అరగంట. అందాకా మనిషి నీళ్ళలోనే అంటే రేవంతా ఆగిపోద్ది. అటు ఓడలోళ్ళు, ఇటు రేవు ఆఫీసోళ్ళు రేడియోలో అమ్మనీ అయ్యనీ లేపుతారు. బయల్దేరాడంటే వచ్చేసినట్టే. మొదట్నుంచీ అందరం అంతే చెప్తాం."

"అందరూ?"

"అందరూనండీ. పాపం ఆ కుర్రాడు కూడా."

అంటూనే ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. అతనికి పూర్తిగా తెలియలేదు, కానీ తాడు వదులైనట్టు ఏదో తెలిసింది.

నిదానానికి మాత్రం కళ్ళముందు కట్టినట్టు కనపడింది. తమ్ముడు రేడియోలో ఆ నాలుగు ముక్కలూ అన్నాడు. ఓడ నియమం ప్రకారం ఆగి, నియమం ప్రకారం కేకేసింది. చీకట్లో వేలాడుతున్న బావ ఎముకలన్నీ ఒక్కసారి మోగాయి. ఇంకా లోతున, ఎవరి లెక్కలోనూ లేని తిమింగలాల ఎముకలూ మోగాయి. వాటి కోసం రేడియోలో పిలుపేదీ లేదు. కుర్రాడు తాడు లాగలేదు. అంతకంటే పెద్దపని చేశాడు. హంతకుడినని జైలుకి పోవడం వాడికి తేలిక. బావ నీళ్ళలో ఉండగానే పైకొచ్చాడన్నానని అక్కతో చెప్పడం తేలిక కాదు. కమాండరు తిమింగలాల్ని దాచాలి, కుర్రాడు మాటని దాచాలి. ఒకడి మౌనం కింద ఒకడు తలదాచుకున్నాడు.

రేడియోలో గొంతులు వరసగా వచ్చాయి. "ఒకటో పడవ. మనిషి పైకొచ్చాడు." "నాలుగో పడవ. పైకొచ్చాడు." "రెండో పడవ..."

పడవ పక్కన నీళ్ళు చీలాయి. డాల్ఫిన్ ఒకటి నిటారుగా లేచి, తల బయట పెట్టి అలాగే నిలబడిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొన్ని. చెవులు నీళ్ళలో ముంచడానికి భయపడుతున్నట్టు, పొగమంచులో చుట్టూ తలలే. ఒకదాని కన్ను నిదానాన్నే చూస్తోంది.

అరికాళ్ళ కింద చెక్కల్లోంచి ఈల వచ్చింది. సన్నగా, ఎక్కడో కలలో పిలిచినట్టు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త గట్టిగా. ఓడ గొంతు సవరించుకుంటోంది.

"లాగెయ్యనా?" బక్కమనిషి పెదాలు తెల్లబడ్డాయి. "అయ్యా, లాగెయ్యనా?"

"లాగితే చస్తాడు! పట్టుకో. గట్టిగా పట్టుకుని, ఉన్నానని చెప్పు తాడుతో!"

నిదానం జీవితంలో మొదటిసారి పరిగెత్తినంత పని చేశాడు. పడవలో రెండంగలు వేసి రేడియో లాక్కున్నాడు.

"ఓడలో ఉన్నవాళ్ళకి! ఆపండి! మూడో పడవ. మనిషి నీళ్ళలోనే ఉన్నాడు! పైకి రాలేదు. నీళ్ళలో ఉన్నాడు!"

ఈల ఇంకోసారి వచ్చింది. చెక్కలు వణికాయి. తర్వాత రావలసింది రాలేదు.

"ఎవరది మాట్లాడేది?" ఈపాటికి ఓడెక్కిన కమాండరు గొంతు. "మూడో పడవ పైకొచ్చాడని చెప్పింది."

"చెప్పింది. అబద్ధం చెప్పింది. మొన్న కూడా చెప్పారు. మీరు విన్నది నిజమే, వాళ్ళు చెప్పింది నిజం కాదు."

రేడియో బరబరమంది. అందులోంచి ఎవరో ముసలిగొంతు, సిగ్గుపడుతూ: "ఒకటో పడవండీ. మావాడు కూడా నీళ్ళలోనే ఉన్నాడు."

"నాలుగు. మా బావ ఇంకా కిందే."

"రెండో పడవ. కిందే ఉన్నాడండీ. తప్పయిపోయింది."

బక్కమనిషి వేళ్ళ మధ్య తాడు అదిరింది. ఒకసారి. ఆగి, ఇంకోసారి. "ఉన్నాడు," అన్నాడు వాడు, ఏడుస్తూ నవ్వుతూ. "బెదిరాడు గానీ వేలాడుతున్నాడు. ఉన్నాడండీ."

డాల్ఫిన్లు ఒక్కొక్కటే తలలు ముంచి వెళ్ళిపోయాయి.

"ఈ ఛానల్ ఖాళీ చెయ్యండి," అన్నాడు కమాండరు. "అందరూ ఛానల్ ఖాళీ చెయ్యండి."

ఎవరూ చెయ్యలేదు. ఇంకో గొంతు కలిసింది. రేవు పోలీసు స్టేషన్లో బల్ల మీద మోగే రేడియో కూడా ఇదే ఛానల్ మీద ఉంటుందని నిదానానికి అప్పుడు గుర్తొచ్చింది. దానికి నాలుగడుగుల దూరంలో, వరండా బెంచీ మీద ఎవరు కూర్చుని ఉన్నారో కూడా.

"బాబుగారూ." మైకు వాడటం తెలియని గొంతు, మరీ దగ్గరగా. వెనక ఇన్‌స్పెక్టరు ఏదో అంటున్నాడు, ఆవిడ వినడం లేదు. "మొన్న మా ఆయన కిందుండగా... మా వాడు కూడా ఇలాగే చెప్పాడా?"

నాలుగు పడవలూ, కనపడని ఓడా ఆ ప్రశ్న విన్నాయి. అబద్ధం ఆడాలంటే ఇంతకంటే మంచి సమయం దొరకదు. పొగమంచు ఉంది, బరబర ఉంది, వినపడలేదంటే సరిపోతుంది. నిదానం బటన్ నొక్కాడు.

"అవునమ్మా. చెప్పాడు."

టిఫిను క్యారియరు కదిలిన చప్పుడు వచ్చింది.

"అయితే వాడు తాడు లాగలేదన్నమాట."

"లాగలేదు."

"సరే." అక్కడ కుర్చీ జరిగింది. బటన్ మీద వేలు మాత్రం అలాగే ఉంది. "ఇన్‌స్పెక్టరుగారూ, ఆ తలుపు తియ్యండి. నేను లోపలికెళ్ళాలి."

తాళాలగుత్తి కదలడం పడవలన్నిటికీ వినపడింది. ఇనపతలుపు కిర్రుమంది. "అక్కా..." అని ఎవరో అన్నారు, చిన్నపిల్లాడి గొంతుతో.

ఆవిడ బటన్ వదిలేసింది.